ప్రాంతీయ విమానయాన సంస్థల మనుగడ – తెలుగునేల అనుభవాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న పట్టణాలను నగరాలతో కలిపే ఉద్దేశంతో ఏర్పడిన ప్రాంతీయ విమానయాన సంస్థలు భారతదేశంలో ఎక్కువకాలం నిలవటం లేదు. విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎయిర్ కోస్టా, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ ఇందుకు తెలుగునేల మీది ఉదాహరణలు. పెద్ద సంస్థలతో పోటీలో ఇవి ఎదుర్కొన్న సమస్యల స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రస్తుత విధానాలు విమాన మార్గానికి కొంత రక్షణ కల్పిస్తున్నాయి కాని, ఆ మార్గాన్ని మొదట తెరిచిన సంస్థకు రక్షణ కల్పించటం లేదని నిరూపించటం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ప్రాంతీయ విమానయానం, ఎయిర్ కోస్టా, ట్రూజెట్, ఉడాన్ పథకం, కడప, విమాన ఇంధనం.

1. ఉపోద్ఘాతం:
చిన్న పట్టణాలకు విమాన సౌకర్యం కల్పించాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1981లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థలు కలిసి వాయుదూత్‌ను స్థాపించాయి. మొదట ఈశాన్య రాష్ట్రాల అవసరాల కోసం ఏర్పడిన ఈ సంస్థ క్రమంగా దేశంలోని ఇతర ప్రాంతాలకు విస్తరించింది. నష్టాల భారంతో 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ప్రభుత్వ సంస్థే నిలదొక్కుకోలేకపోయిన ఈ రంగంలోకి తరువాతి కాలంలో ప్రైవేటు సంస్థలు ప్రవేశించాయి. బెంగళూరు కేంద్రంగా 2015 ఏప్రిల్‌లో మొదలైన ఎయిర్ పెగాసస్ 2016 జులైలోనే ఆగిపోయింది. తెలుగువారి చొరవతో ఏర్పడిన రెండు సంస్థలూ భిన్నమైన మార్గాల్లో ప్రయాణించి, చివరకు అదే స్థితికి చేరాయి. ఆ రెండు మార్గాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు సమస్య మూలాలు స్పష్టమవుతాయి.

2. ఎయిర్ కోస్టా – పెద్ద మార్గాల్లో పోటీ:
విజయవాడకు చెందిన ఎల్.ఇ.పి.ఎల్. గ్రూపు నెలకొల్పిన ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో సేవలు ప్రారంభించింది. బ్రెజిల్‌కు చెందిన ఎంబ్రాయర్ జెట్ విమానాలను ఎంచుకోవటం దీని ప్రత్యేకత. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ విమాన ప్రదర్శనలో 50 ఎంబ్రాయర్ ఇ-2 విమానాలకు ఒప్పందం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించింది. అయితే ఆ సమయానికి సంస్థ నడుపుతున్న విమానాలు వేళ్ళ మీద లెక్కించదగినన్నే.

చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వంటి నగరాల మధ్య పెద్ద సంస్థలు అప్పటికే రోజుకు అనేక సర్వీసులు నడుపుతున్నాయి. 180 సీట్ల విమానానికయ్యే ఖర్చును 180 మందికి పంచటానికీ, దాదాపు 110 సీట్ల విమానం ఖర్చును అంతమందికే పంచటానికీ తేడా ఉంటుంది. టికెట్టు ధర మాత్రం ఇద్దరూ ఒకే స్థాయిలో ఉంచక తప్పదు. పైగా ప్రాంతీయ అనుమతితో నడిచే సంస్థకు ఢిల్లీ, ముంబయి వంటి ఇతర ప్రాంతాల మహానగరాలకు స్వేచ్ఛగా వెళ్ళే వీలు ఉండేది కాదు. లాభదాయకమైన మార్గాలు అందని స్థితిలో నగదు కొరత తీవ్రమై, 2017 ఫిబ్రవరి చివరిలో ఎయిర్ కోస్టా సేవలు నిలిచిపోయాయి. 50 విమానాల ఒప్పందం కాగితానికే పరిమితమైంది.

3. ట్రూజెట్ – చిన్న పట్టణాల మార్గం:
2015 జులైలో ప్రారంభమైన ట్రూజెట్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించింది. ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్-72 విమానాలను ఎంచుకుంది. దాదాపు 70 సీట్లుండే ఈ విమానం తక్కువ దూరాలకు జెట్ విమానం కంటే తక్కువ ఇంధనంతో నడుస్తుంది. చిన్న రన్‌వేలపైనా దిగగలదు. హైదరాబాద్ నుంచి తిరుపతి, రాజమండ్రి వంటి పట్టణాలకు మొదలైన సేవలు తరువాత కడప, నాందేడ్, బళ్ళారి సమీపంలోని విద్యానగర్, మైసూరు వరకు విస్తరించాయి. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి ఉడాన్ పథకాన్ని ప్రారంభించినప్పుడు సిమ్లా–ఢిల్లీ మార్గంతోపాటు ప్రారంభమైన కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ మార్గాలు ట్రూజెట్‌వే.

పెద్ద సంస్థలు లేని చోటును వెతుక్కోవటం ఈ వ్యూహంలోని బలం. ఆ బలం ఎక్కువకాలం నిలవలేదు. ఇండిగో 50 ఏటీఆర్ విమానాల కొనుగోలుకు ఒప్పందం చేసుకుని, 2017 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రంగానే వాటిని నడపటం ప్రారంభించింది. చిన్న విమానం ఇక చిన్న సంస్థకే పరిమితమైన సాధనం కాకుండాపోయింది. 2020లో కరోనా కారణంగా దేశీయ విమానాలు రెండు నెలలపాటు నిలిచిపోయాయి. ఆ దెబ్బను తట్టుకునే నిల్వలు చిన్న సంస్థల వద్ద ఉండవు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ సేవలు ఆగిపోయాయి. ఆ మార్చి చివరి వారంలో ఇండిగో ఏటీఆర్ విమానాలు కడపకు చేరాయి. పట్టణానికి విమానం తిరిగివచ్చింది. అక్కడ ప్రయాణికులున్నారని అయిదేళ్ళు శ్రమించి నిరూపించిన సంస్థ మాత్రం మిగలలేదు.

4. వ్యయంలో అసమానత:
భారతదేశంలో విమానయాన సంస్థల ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనానిదే. విమాన ఇంధనం జీఎస్టీ పరిధిలోకి రాలేదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటున అమ్మకపు పన్ను పడుతుంది. విమానాల అద్దె, విడిభాగాల ధర డాలర్లలో చెల్లించాలి. ప్రయాణికుడి నుంచి వచ్చే ఆదాయం రూపాయల్లో ఉంటుంది. రూపాయి విలువ పడిపోయిన ప్రతిసారీ ఈ వ్యత్యాసం పెరుగుతుంది. ఈ భారం పెద్ద సంస్థలకూ ఉంటుంది. అయితే వందల విమానాలను ఒకేసారి కొనే సంస్థకు తయారీదారు ఇచ్చే తగ్గింపు, అయిదారు విమానాలను అద్దెకు తీసుకునే సంస్థకు దొరకదు.

విమానాల సంఖ్య తక్కువగా ఉండటం మరో సమస్య. నాలుగు విమానాలున్న సంస్థలో ఒకటి మరమ్మతుకు వెళ్తే సర్వీసుల్లో నాలుగో వంతు ఆగిపోతుంది. వరుసగా రెండుసార్లు విమానం రద్దయిన మార్గంపై ప్రయాణికుడికి నమ్మకం సడలుతుంది. పైలట్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. చిన్న సంస్థలో అనుభవం సంపాదించిన పైలట్ ఎక్కువ జీతం కోసం పెద్ద సంస్థకు వెళ్ళటం సహజం. కమాండర్లు రాజీనామా చేయటానికి ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ నిర్దేశించటానికి ఇటువంటి వలసలు నేపథ్యం.

తెలుగునేలపై పోటీ ఆకాశంలోనే ముగియదు. హైదరాబాద్ నుంచి కడపకు రాత్రి బస్సెక్కిన ప్రయాణికుడు తెల్లవారేసరికి ఊరు చేరతాడు. విమానాశ్రయానికి ప్రయాణం, తనిఖీలు, నిరీక్షణ కలిపితే గంట విమానయానం నాలుగు గంటల పని అవుతుంది. అందువల్ల టికెట్టు ధర కొంచెం పెరిగినా అతడు మళ్ళీ బస్సు వైపే చూస్తాడు.

5. రాయితీల పరిమితి:
ఉడాన్ పథకం తొలిదశలో దాదాపు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించారు. విమానంలో సగం సీట్లను, 40కి మించకుండా, ఈ ధరల పరిమితికి లోబడి అమ్మాలి. అందువల్ల ఏర్పడే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఆ మూడేళ్ళూ ఆ మార్గంపై సంస్థకు ప్రత్యేక హక్కు ఉంటుంది. మార్గం స్థిరపడే సమయానికి సహాయం, ప్రత్యేక హక్కు రెండూ ఒకేసారి ముగిసిపోవటం ఇందులోని చిక్కు.

2023లో వెలువడిన కాగ్ నివేదిక దీనిని అంకెలతో చూపింది. ఉడాన్-3 వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371 మార్గాల్లో మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. గడువు తరువాత కూడా 2023 మార్చి నాటికి కొనసాగినవి 54 మాత్రమే.

80 కంటే తక్కువ సీట్లున్న దేశీయ విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయింపు కూడా ఇటువంటిదే. ఇండిగో ఏటీఆర్ విమానాల్లో 78 సీట్లు ఉంటాయి. ఈ రాయితీ విమానం పరిమాణాన్ని చూస్తుందే తప్ప సంస్థ పరిమాణాన్ని చూడదు. ప్రయాణికుడి దృష్టితో ఇందులో తప్పులేదు. అయితే చిన్న సంస్థను నిలబెట్టే సాధనంగా దీనిని భావించలేం.

6. ముగింపు:
పై పరిశీలనను బట్టి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. పెద్ద మార్గాల్లో పోటీపడిన ఎయిర్ కోస్టా, పోటీకి దూరంగా చిన్న పట్టణాలకు వెళ్ళిన ట్రూజెట్ రెండూ ఆగిపోయాయి. కాబట్టి మార్గాల ఎంపిక ఒక్కటే వైఫల్యానికి కారణమని చెప్పలేం.
2. కొత్త మార్గంలో ప్రయాణికులున్నారో లేదో తెలుసుకునే నష్టభయం చిన్న సంస్థది. ఫలితం తేలాక ప్రవేశించే వెసులుబాటు పెద్ద సంస్థది.
3. లోటు భర్తీని మూడేళ్ళకు ఒక్కసారిగా నిలిపివేయకుండా క్రమంగా తగ్గించటం, నగర విమానాశ్రయాల్లో అనువైన వేళలు కేటాయించటం, చిన్న సంస్థ టికెట్టుతోనే పెద్ద సంస్థ విమానంలోకి మారే ఏర్పాటు కల్పించటం ఉపయోగకరం.

కడప ప్రయాణికుడికి విమానం ఏ సంస్థదన్నది ముఖ్యం కాకపోవచ్చు. అయితే ఇంతవరకు విమానం ఎరుగని తరువాతి పట్టణానికి మొదట వెళ్ళే సంస్థ ఏదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. లాభం ఖాయమైన చోటికే వెళ్ళే సంస్థలు మాత్రమే మిగిలితే, ఆ పట్టణం నిరీక్షణ మరింత దీర్ఘమవుతుంది.