వైద్యుడు తయారగు విధము

పెద్దాసుపత్రిలో చేరిన రోగి మంచము చుట్టును ఉదయవేళ తెల్లకోటులు ధరించిన యువతీయువకులు గుమిగూడుట తరచుగ కనబడు దృశ్యము. ఒకరు నాడి చూతురు, మరియొకరు కడుపు తాకి చూతురు, ఆచార్యుడు ప్రశ్నించును, వారు జవాబు చెప్పుదురు. రోగికిని, తోడు వచ్చినవారికిని అప్పుడొక సందేహము కలుగును. వీరు డాక్టర్లా, చదువుకొను పిల్లలా? మన శరీరముమీదనే వీరు పని నేర్చుకొనుచున్నారా?

ఈ భయము సహజమైనదే. వేయిమందిని చంపినవాడు అరవైద్యుడను సామెత ఇట్టి భయము నుండియే పుట్టినది. ఆ సామెత నిజము కాకుండునట్లు చూచుట నేటి వైద్యవిద్య యొక్క ప్రధానోద్దేశము. విద్యార్థి ఏ మెట్టుమీద ఏమి నేర్చునో, ఎవరి పర్యవేక్షణలో నేర్చునో ప్రజలు తెలిసికొనుట మంచిది.

ప్రవేశము

ఎం.బి.బి.ఎస్. చదువగోరువారు ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండవలెను. ప్రవేశము పొందు సంవత్సరము డిసెంబరు 31వ తేదీ నాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. దేశమంతటికిని నీట్ అను ఒకే ప్రవేశపరీక్ష కలదు. దానిని తెలుగులో కూడ వ్రాయవచ్చును. అందు నెగ్గుట కష్టమే, కాని అది గుమ్మము దాటుట మాత్రమే. ఆ పిమ్మట నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము ఆసుపత్రి శిక్షణ, వెరసి ఐదున్నర సంవత్సరములు గడువవలెను.

మొదటి గురువు

మొదటి దశలో శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము అను మూడు శాస్త్రములు బోధింతురు. విద్యార్థి కత్తి పట్టి మొట్టమొదట పరిశీలించునది మృతదేహమును. ఇట్టి దేహములు కొన్ని దాతలు ఇచ్చినవి. కొన్ని బంధువులెవరును రానందున చట్టప్రకారము కళాశాలకు అప్పగింపబడినవి. పూర్వము శవమును తాకుట దోషమని మనవారు భావించుచుండిరి. 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు పండిత మధుసూదన గుప్త శవచ్ఛేదము చేసి ఆ సంకోచమును తొలగించెను. నేడు అనేక కళాశాలలలో విద్యార్థులు ఆ దేహమును గౌరవింతుమని ప్రమాణము చేసి పని ప్రారంభింతురు. ఇచ్చట కత్తి తప్పినను ఎవరికిని బాధ కలుగదు. నరమేది, నాళమేది అని తెలిసికొనుటకు ఇంతకన్న క్షేమమైన చోటు వేరొకటి లేదు.

మంచము ప్రక్కన పాఠము

రెండవ దశలో వ్యాధివిజ్ఞానము, సూక్ష్మజీవశాస్త్రము, ఔషధశాస్త్రము చదువుచు విద్యార్థి వార్డులకు పోవ మొదలిడును. అడుగుట, చూచుట, తాకుట, తట్టుట, వినుట అను ఐదు పనులను అచ్చట పదేపదే అభ్యసించును. అతడు కనుగొన్నది ఆచార్యుడు మరల పరీక్షించి సరిచేయును. చికిత్స నిర్ణయించు బాధ్యత అర్హులైన డాక్టర్లదే. సూదిమందు వేయుట, గుండె ఆగినవారికి ఛాతీ నొక్కుట వంటి పనులను ముందుగా బొమ్మలమీద నేర్పుదురు. 2019లో వచ్చిన పాఠ్యక్రమము ఇట్టి అభ్యాసశాలలకును, రోగితో మాటలాడు పద్ధతికిని ప్రత్యేకస్థానము కల్పించినది.

రోగము పుట్టుచోటు ఆసుపత్రి కాదు, ఇల్లు, వీధి, నీటితావు. వైద్యుడు సంఘమునకు కూడ వైద్యుడు కావలెనని భోర్ సంఘము 1946లో సూచించెను. నేడు విద్యార్థులకు గ్రామములలో కొన్ని కుటుంబములను అప్పగింతురు. వారు ఆ యిండ్లకు మాటిమాటికి పోయి, వారి ఆరోగ్యస్థితిని గమనించుచుందురు.

హౌస్ సర్జను

చివరి పరీక్షలలో వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము ముఖ్యములు. ఇందు ఉత్తీర్ణుడైనవానికి తాత్కాలికముగ పేరు నమోదగును. పిదప ఒక సంవత్సరము హౌస్ సర్జనుగా వార్డునుండి వార్డునకు మారుచు పనిచేయును. కాన్పులకు సాయపడును, గాయములకు కుట్లు వేయును, అత్యవసర విభాగములో రాత్రులు మేల్కొనును. తనకు తెలియనిచోట పెద్దవారిని పిలుచుట అతడు నేర్వవలసిన మొదటి పాఠము. అర్ధరాత్రి వారిని లేపుటకు సంకోచించినచో నష్టపడునది రోగి.

పేరు నమోదు

ఈ సంవత్సరము పూర్తియైన పిదపనే డాక్టరు పేరు వైద్యుల పట్టికలో శాశ్వతముగ చేరును. వైద్యవిద్యను, వైద్యవృత్తిని నియంత్రించు జాతీయ వైద్య కమిషన్ 2020లో ఏర్పడినది. పట్టికలో పేరు లేనివారు ఆధునిక వైద్యము చేసినచో, 2019 నాటి చట్టము ప్రకారము ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. డాక్టరు తన నమోదు సంఖ్యను వైద్యశాలలో ప్రదర్శింపవలెను. మందులచీటిమీద కూడ వ్రాయవలెను. దానిని చూచుటకు, అడుగుటకు ప్రజలు జంకనవసరము లేదు. ఒక శాఖయందు ప్రత్యేకనిపుణుడు కాదలచినవాడు ఎం.డి. గాని, ఎం.ఎస్. గాని మూడేండ్లు చదువవలెను.

ప్రజలు చేయవలసినది

విద్యార్థి పరీక్షింప వచ్చినపుడు అతడెవరో, ఏ సంవత్సరము చదువుచున్నాడో అడుగవచ్చును. ఇష్టము లేనిచో వలదని చెప్పవచ్చును. అంతమాత్రమున చికిత్సకు లోటు రాకూడదు. స్త్రీలు పరీక్షాసమయమున మరియొక స్త్రీ దగ్గర నుండవలెనని కోరవచ్చును. ఒప్పుకొన్న రోగి మాత్రము గొప్ప ఉపకారము చేసినవాడగును. మరణానంతరము దేహమును దానము చేయదలచినవారు సమీప వైద్యకళాశాలలోని శరీరనిర్మాణశాఖను సంప్రదించి, తమ కోరికను ఇంటివారికి ముందే తెలుపవలెను; ఆనాడు దేహమును అప్పగింపవలసినవారు వారే గదా.

నేడు మంచము ప్రక్కన తడబడుచు నాడి వెదకు బాలుడే కొన్ని సంవత్సరములకు ఏదో పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఒంటరిగ కూర్చుండవలసియుండును. అర్ధరాత్రి కాన్పునొప్పులతో వచ్చిన తల్లి అతని చేతినే నమ్మవలెను. ఆ చేతికి నేర్పు అబ్బుటలో గురువులకెంత భాగము కలదో, ఓర్పుతో చేయి చాచిన రోగులకును అంత భాగము కలదు.