కారు మైనము (నెల్లూరు తీరము)

కారు మైనము అనగా కారు పైరంగు మీద పలుచగా పూసే రక్షణ పదార్థము. నీరు, ఉప్పు, ధూళి రంగుకు నేరుగా అంటుకొనకుండా ఇది అడ్డుపొరగా నిలుస్తుంది, రంగు మెరుపును కూడా పెంచుతుంది. వాడుకలో దీనిని వ్యాక్స్ అని, కొందరు పాలిష్ అని కూడా అంటారు. కానీ పాలిష్, మైనము రెండూ ఒకటి కావు. పాలిష్ రంగు పైపొరను స్వల్పముగా అరగదీసి గీతలను, మచ్చలను తగ్గిస్తుంది. మైనము రంగులో దేనినీ తీసివేయదు, దాని మీద ఒక కొత్త పొరను చేరుస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరములో ఉప్పుగాలి, తీవ్రమైన వేసవి ఎండ, ఈశాన్య ఋతుపవనాల వర్షాలు మూడూ కలిసి ఉంటాయి. చల్లని దేశాలలో తయారయ్యే మైనపు డబ్బాల మీద ముద్రించిన సూచనలు ఈ పరిస్థితులకు పూర్తిగా సరిపోవు. అందుచేత ఇక్కడ మైనమును ఎంచుకొనేటప్పుడు మెరుపు కన్నా వేడికి, ఉప్పుకు, తరచు కడుగుటకు తట్టుకొనే గుణమును ముందుగా చూడాలి.

కారు రంగు నిర్మాణము

నేటి కారు రంగు ఒకే పొర కాదు. ఉక్కు రేకును మొదట ఫాస్ఫేటు ద్రావణముతో శుద్ధి చేస్తారు. తరువాత విద్యుత్తు సహాయముతో ప్రైమరు పొరను అంటిస్తారు. తుప్పు నుండి అసలు రక్షణ ఇచ్చేది ఈ పొరయే. దాని మీద మధ్య పొర, రంగునిచ్చే పొర, అన్నిటికంటే పైన క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. అన్నీ కలిపి సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్ల మందము ఉంటుంది. అందులో క్లియర్‌కోట్ మందము సుమారు 40 నుండి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే రసాయనాలు ఈ క్లియర్‌కోట్ లోనే ఉంటాయి. మైనపు పొర మందము సాధారణముగా ఒక మైక్రాను కన్నా తక్కువ.

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్, అంతకు ముందే ఆగిపోయిన ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో క్లియర్‌కోట్ లేని ఒకే రకపు రంగు ఎక్కువగా కనిపిస్తుంది. ఇటువంటి రంగు ఎండకు పొడిబారి సున్నము వలె తెల్లబడుతుంది. తుడిచినప్పుడు గుడ్డకు కారు రంగు అంటితే అది ఈ రకమని తెలుసుకొనవచ్చును.

తీరములో రంగుకు కలిగే హాని

ఉప్పు: ఒడ్డున అలలు విరిగినప్పుడు నీటిలో గాలి బుడగలు ఏర్పడి, పగిలి, సూక్ష్మమైన ఉప్పునీటి బిందువులను గాలిలోకి చిమ్ముతాయి. గాలి వాటిని లోపలికి మోసుకొనివస్తుంది. తీరము నుండి దూరమయ్యే కొద్దీ పడే ఉప్పు త్వరగా తగ్గిపోతుంది. కనుక మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వంటి చోట్ల ఆరుబయట నిలిపే కారుకు, మైపాడుకు సుమారు 25 కిలోమీటర్ల దూరములో ఉన్న నెల్లూరు నగరములో నిలిపే కారుకు అవసరము ఒకటి కాదు.

సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతము దాటితే సోడియం క్లోరైడు ఆ తేమను పీల్చి కరుగుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు సుమారు 33 శాతము తేమ చాలు. తీరములో రాత్రివేళ తేమ ఎక్కువగా ఉండుట వలన కారు మీది ఉప్పు ప్రతి రాత్రి తడిసి, పగలు ఎండి, మరల తడుస్తుంది. రంగు చెక్కుకుపోయిన చోట ఈ తడి ఉప్పు ఉక్కును చేరి తుప్పును వేగిరపరుస్తుంది.

లోహాల మీద వాతావరణ ప్రభావము మన దేశములో చిరకాలముగా పరిశోధనకు విషయమై ఉన్నది. తమిళనాడు లోని కారైక్కుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ భారతదేశ తుప్పు పటమును రూపొందించింది. ఈ సంస్థకు మండపం సముద్రతీరములో పరీక్షా కేంద్రము కూడా ఉంది.

ఎండ: రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. నెల్లూరులో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుట సాధారణము. అటువంటి రోజున ఎండలో నిలిపిన నల్లని కారు బానెట్టు 70 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు.

వాన: జిల్లాకు ఎక్కువ వర్షము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన, తుఫానుల వలన వస్తుంది. పెద్ద వాన కారు పైభాగపు ఉప్పును కడిగివేస్తుంది. కానీ చక్రాల పైకప్పుల లోపల, తలుపుల అడుగున చేరిన బురదను అది తొలగించదు.

ధూళి, రెట్టలు: కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైనది. ఓడరేవుకు బొగ్గు దిగుమతి అవుతుంది, సమీపములోని నేలటూరు ప్రాంతములో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల గాలిలోని బొగ్గు ధూళి, బూడిద కారు మీద పడి, తుడిచినప్పుడు గీతలు పెడతాయి. పక్షుల రెట్టలు ఎండలో కొద్ది గంటలలోనే క్లియర్‌కోట్ మీద చెరగని మచ్చను మిగల్చగలవు.

మైనము పనిచేసే విధానము

మైనము నీటిని వికర్షించే పదార్థము. అందువలన నీరు రంగు మీద పరచుకొనక బిందువులుగా నిలుస్తుంది. ఉప్పు, రెట్టలు, చెట్ల జిగురు ముందుగా మైనము మీద పడతాయి, అరిగేది కూడా మైనమే. ఈ విధముగా అది తాను తరుగుతూ రంగును కాపాడుతుంది. అందుచేతనే దీనిని మరల మరల పూయవలసి వస్తుంది. అతినీలలోహిత కిరణాలను ఆపుటలో ఇంత పలుచని పొర చేయగలిగినది స్వల్పమే.

నీరు బిందువులుగా నిలుచుట మైనము ఉన్నదనుటకు గుర్తుగా చెబుతారు. ఇది కొంతవరకే నిజము. మైనము ఉన్నా దాని మీద ధూళి పొర పేరుకొంటే నీరు బిందువులుగా నిలువదు. అటువంటప్పుడు ముందుగా కారును షాంపూతో కడిగి, ఆ తరువాత పరీక్షించాలి.

మైనముల రకాలు

కార్నౌబా మైనము: ఈశాన్య బ్రెజిల్ లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి లభిస్తుంది. ప్రకృతిసిద్ధమైన మైనాలలో ఇది మిక్కిలి గట్టిది. ద్రవీభవన స్థానము 82 నుండి 86 డిగ్రీలు. లోతైన మెరుపును ఇస్తుంది. విడిగా పూయుటకు చాలా గట్టిగా ఉండుట వలన నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలిపి అమ్ముతారు. అందుచేత డబ్బా మీద కార్నౌబా అని ఉన్నంత మాత్రాన లోపలి మిశ్రమము అంత వేడికి తట్టుకొనునని అనుకొనరాదు.

తేనెమైనము: 62 నుండి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది. మెత్తగా ఉంటుంది కనుక మిశ్రమాలలో మాత్రమే ఉపయోగము.

పారఫిన్ మైనము: పెట్రోలియం నుండి వస్తుంది, చవకైనది. రకమును బట్టి సుమారు 46 నుండి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఇది అధికముగా ఉన్న మైనము వేసవి ఎండలో మెత్తబడి ధూళిని పట్టుకొంటుంది.

తవుడు మైనము: తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు వచ్చే ఉప ఉత్పత్తి. సుమారు 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కార్నౌబాకు బదులుగా పాలిష్‌లలోను, పూతలలోను వాడతారు. వరి పండే నెల్లూరు వంటి ప్రాంతాలకు ఇది పరాయి పదార్థము కాదు.

సింథటిక్ సీలెంటు: సిలికోన్, యాక్రిలిక్ వంటి పాలిమర్లతో తయారైన పూత. దీని మెరుపు కార్నౌబా అంత లోతుగా ఉండదని కొందరి అభిప్రాయము. వేడికి, షాంపూకు ఎక్కువగా తట్టుకొంటుంది, సాధారణముగా కొన్ని నెలలు నిలుస్తుంది.

సెరామిక్ పూత: సిలికా ఆధారముగా చేసిన ద్రవము. రంగు మీద గట్టి పొరగా ఏర్పడుతుంది. మైనము కన్నా చాలా ఎక్కువ కాలము ఉంటుంది, ఖరీదు ఎక్కువ, పూయుటకు నైపుణ్యము కావాలి. రాయి తగిలి రంగు లేచిపోవుటను ఇది ఆపలేదు. ఉప్పునీటి మచ్చలు దీని మీద కూడా పడతాయి.

స్ప్రే మైనము: కడిగిన వెంటనే చల్లి తుడుచుకొనేది. కొద్ది వారాలు మాత్రమే నిలుస్తుంది. పాత పూతను నిలబెట్టుటకు సహాయకారి.

ఎంపిక

తీరగ్రామాలలో, రొయ్యల చెరువుల వద్ద, ఓడరేవు పరిసరాలలో ఆరుబయట నిలిపే కార్లకు సింథటిక్ సీలెంటు అనువైనది. ఇది వేడికి మెత్తబడదు, తరచు కడిగినా త్వరగా పోదు. సంవత్సరములో కనీసము రెండుసార్లు, అనగా ఎండలు ముదరక ముందు మార్చిలోను, వర్షాలకు ముందు సెప్టెంబరులోను పూయుట మంచిది.

నగరములో నీడన నిలిపే కారుకు కార్నౌబా మిశ్రమము చాలు. దానిని రెండు నెలలకు ఒకసారి పూయవలసి ఉంటుంది. పాత ఒకే పొర రంగు గల కారుకు ముందుగా పాలిష్‌తో పొడిబారిన పైపొరను తొలగించి, తరువాత కార్నౌబా మైనము పూయాలి. మెరుపు లేని మ్యాట్ రంగు గల కార్లకు మామూలు మైనము వాడరాదు.

అద్దెకు తిప్పే కారు యజమాని వంటి వారు ఖరీదైన మైనమును ఏడాదికి ఒకసారి పూయుట కన్నా మధ్యరకము సీలెంటును వేళకు పూయుట, వారము వారము మంచినీటితో కడుగుట ఎక్కువ లాభము. కారును తిరిగి అమ్మునప్పుడు కొనేవారు మొదట చూసేది తలుపుల అడుగుననున్న తుప్పునే.

కడుగుట

మైనము కన్నా ముందు రావలసినది నీరు. కడగకుండా పూసిన మైనము ఉప్పును లోపలే బంధిస్తుంది. తీరములోని అనేక గ్రామాలలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. దానితో కడిగి ఎండలో వదిలివేస్తే నీరు ఆవిరైపోయి లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. మైనము ఉన్న కారు మీద నీరు బిందువులుగా నిలుచుట వలన ఈ మచ్చలు మరింత స్పష్టముగా కనబడతాయి. అందుచేత వీలైనంతవరకు కాలువ నీటి సరఫరా, వాననీరు వంటి మంచినీటిని వాడాలి. బోరు నీరు తప్పనిసరి అయితే చివరి బకెట్టు నీరు మాత్రమైనా మంచినీరు పోసి, వెంటనే మెత్తని గుడ్డతో ఆరబెట్టాలి.

చక్రాల పైకప్పుల లోపలి భాగము, అడుగుభాగము, తలుపుల కింది అంచులు కూడా నీటితో కడగాలి. ఇసుక మీదకు తీసికొనివెళ్ళిన కారును అదే రోజు కడుగుట అవసరము. 2021 నవంబరులో పెన్నా నదికి వచ్చినటువంటి వరదల తరువాత కారు మీద చేరే ఒండ్రును కూడా పొడి గుడ్డతో తుడువక, నీటితో నాననిచ్చి తొలగించాలి.

పూసే విధానము

# ఉదయము గాని సాయంకాలము గాని నీడలో పని చేయాలి. రేకు చేతికి చల్లగా తగలాలి.
# కారు షాంపూతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.
# కడిగిన తరువాత కూడా చేతికి గరుకుగా తగిలితే క్లే అనే మెత్తని బంకముద్దతో, తగిన ద్రవము చల్లుతూ రుద్ది, అంటుకొన్న ధూళిని తీయాలి.
# మైనమును స్పాంజితో చాలా పలుచగా, ఒక్కొక్క భాగముగా పూయాలి. మందముగా పూస్తే ఎక్కువ రక్షణ ఉండదు, తుడుచుట మాత్రము కష్టమవుతుంది.
# డబ్బా మీద సూచించిన సమయము తరువాత శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున మైనము ఆరుటకు ఎక్కువ సమయము పడుతుంది.
# రంగు వేయని నల్లని ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలకు మైనము తగలనీయరాదు. తెల్లని మరకలు పడతాయి.

సాధారణమైన పొరపాట్లు

ప్రతి ఉదయము పొడి గుడ్డతో కారు తుడుచుట విస్తృతముగా ఉన్న అలవాటు. తీరములో ఇది హానికరము. ఉప్పు రవ్వలు, ఇసుక గుడ్డ కింద నలిగి క్లియర్‌కోట్ మీద వలయాకారపు గీతలు పెడతాయి. బట్టలు ఉతికే సబ్బుపొడితో కడిగితే మైనము త్వరగా కరిగిపోతుంది. కిరోసిను, డీజిలుతో తుడిస్తే తాత్కాలికముగా మెరిసినా మైనము పోతుంది, రబ్బరు పట్టీలు చెడతాయి. కొత్తగా రంగు వేయించిన భాగానికి రంగు పూర్తిగా ఆరక ముందు మైనము పూయరాదు. రంగు వేసినవారు చెప్పిన గడువు వరకు ఆగాలి.

పరిమితులు

మైనము మెరుపును నిలుపుతుంది, మచ్చలను తగ్గిస్తుంది, కడుగుటను సులభము చేస్తుంది. కానీ తుప్పును మాన్పలేదు. రాయి తగిలి ప్రైమరు వరకు రంగు లేచిన చోట ఎంత మంచి మైనము పూసినా ఉప్పునీరు ఉక్కును చేరుతుంది. అటువంటి చోటును శుభ్రపరచి, ప్రైమరు, టచప్ రంగు వేయించిన తరువాతే మైనము పూయాలి. చాలావరకు తుప్పు మొదలయ్యేది మైనము అందని అడుగుభాగములో, రేకుల అతుకులలో. వాటికి వేరుగా అడుగుభాగపు పూత, తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకొనకుండా చూచుట అవసరము. మెరిసే బానెట్టును చూసి కారు క్షేమమని భావించక, ఏడాదికి ఒకసారి వర్షాలు ముగిసిన తరువాత కారును పైకి లేపించి అడుగుభాగమును పరీక్షించుకొనుట తీరవాసులకు మైనముతో సమానమైన రక్షణ.