ధ్యానపరిణతికి గుర్తులేవి?

ధ్యానాభ్యాసము సాగించువారి మనస్సులలో ఎప్పుడో యొకప్పుడు తలయెత్తక మానని ప్రశ్న యొకటి గలదు: తమ సాధన ఫలించుచున్నదో లేదో తెలిసికొనుట యెట్లు? కన్నులు మూసికొనగానే వెలుగు కానవచ్చినదని యొకరు, దేహము గాలిలో తేలినట్లయినదని వేఱొకరు, ఊపిరి తనంతట తానే నిలిచిపోయినదని మఱియొకరు చెప్పుకొనుచు, వీనిలో నేది ఉన్నతచైతన్యమునకు నిజమైన గుర్తో తేల్చుకొనలేక తికమకపడుట సత్సంగములలో తఱచుగా కనబడునదే. ఈ ప్రశ్న నేటిది కాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు ద్వితీయాధ్యాయము యోగాభ్యాసికి మొదట గోచరించు మంచు, పొగ, సూర్యుడు, గాలి, నిప్పు, మిణుగురులు, మెఱుపు, స్ఫటికము, చంద్రుడు అను రూపములను పేర్కొని, ఆ వెంటనే దేహలాఘవము, ఆరోగ్యము, లోభరాహిత్యము, వర్ణప్రసాదము, స్వరసౌష్ఠవము మున్నగువానిని యోగప్రవృత్తికి తొలి చిహ్నములుగా నిరూపించినది. ఇంచుమించు నూఱేండ్లనుండి శాస్త్రజ్ఞులును ఇదే ప్రశ్నను యంత్రసహాయమున అడుగుచున్నారు. పరీక్షకు నిలిచిన గుర్తులేవి, నిలువనివేవి యని విచారించుటయే యిచట మన పని.

మొదట ఆ వెలుగులమాట. 1954లో ప్రకటితమైన యొక పరిశోధనలో, కెనడా దేశమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు విద్యార్థులకు దినవేతన మిచ్చి, వారిని చిన్నగదిలో మంచముపై పరుండబెట్టి, వెలుతురు సోకునేగాని యే యాకారమును కనబడని అద్దములను కన్నులకు తగిలించి, చేతులకు తొడుగులు వేసి, యంత్రపు మ్రోత తప్ప వేఱు శబ్దము వినబడకుండ చేసిరి. కొంతకాలము గడచునప్పటికి ఆ విద్యార్థులలో పెక్కుమందికి కాంతిబిందువులు, గీతలు, చిత్రవిచిత్రములైన ఆకృతులు గోచరింపసాగెను. వారెవ్వరును యోగులు కారు. ధ్యానము చేసినవారును కారు. బాహ్యేంద్రియములనుండి వచ్చు సమాచారము సన్నగిలినపుడు, దృష్టికి సంబంధించిన మస్తిష్కభాగము తన యంతర్వ్యాపారముననే రూపములను కల్పించుకొనునని దీనివలన తెలియుచున్నది. కావున ధ్యానమున కనబడు వెలుగు మనస్సు వెలుపలి విషయములనుండి మఱలినదని సూచింపగలదేగాని, అది యే సమున్నతభూమికకు చేరినదో చెప్పజాలదు. ఉపనిషత్తుకూడ ఈ రూపములను పురస్సరములుగా, అనగా ముందు నడచువానిగా మాత్రమే పరిగణించుట గమనింపదగినది.

రెండవ గుర్తు నాడి యాగుట. యోగులు తమ హృదయస్పందనమును స్వేచ్ఛగా నిలుపగలరను ప్రసిద్ధిని విని, థెరీస్ బ్రోస్ అను ఫ్రెంచి హృద్రోగవైద్యురాలు 1935లో హృద్విద్యుల్లేఖనయంత్రమును వెంటగొని భారతదేశమునకు వచ్చెను. తరువాత అమెరికానుండి వచ్చిన వెంగర్, బాగ్చీ అను పరిశోధకులు, ఢిల్లీలోని ఆనంద్‌తో గూడి జరిపిన పరిశీలనలు 1961లో వెలువడినవి. యోగి శ్వాసను బంధించి, వక్షస్స్థలపు కండరములను, ఉదరపు కండరములను బిగింపగా, మణికట్టు కడ నాడి చేతికి అందదయ్యెను. వైద్యుని గొట్టమునకు గుండెచప్పుడును వినబడదయ్యెను. అయినను యంత్రపు సూది మాత్రము హృదయసంకోచమును యథావిధిగా లిఖించుచునే యుండెను. కారణము స్పష్టము: ఛాతీలోపలి పీడనము పెరుగుటచే సిరలద్వారా గుండెకు మఱలివచ్చు రక్తము తగ్గును, లోనికి వచ్చినది స్వల్పమగుటచే వెలికి పోవునదియు స్వల్పమై నాడి క్షీణించును. ఇది కండరములపై గడించిన అసాధారణాధికారమే, సందేహము లేదు. చైతన్యస్థితికి మాత్రము ఇది నిదర్శనము కాజాలదు.

శాస్త్రజ్ఞుల ఆశ పిమ్మట మస్తిష్కముపైకి మఱలెను. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మానవుని తలనుండి వెలువడు విద్యుత్తరంగములను తొలిసారిగా లిఖించి, 1929లో ఆ విషయమును ప్రకటించెను. కోట్లకొలది నాడీకణముల సమష్టివ్యాపారము తలచర్మముపై వోల్టులో కొన్ని పదిలక్షల వంతుల ప్రమాణమున మాత్రమే తెలియవచ్చును. రథోత్సవమునాడు ప్రాకారమునకు వెలుపల నిలిచినవానికి జనసమ్మర్దపు హోరు వినబడునేగాని యే యొక్కరి మాటయు తెలియనట్లే, ఈ లేఖనమువలన మస్తిష్కపు సామాన్యగతి తెలియునేగాని మనస్సులోని భావము తెలియదు. కన్నులు మూసి విశ్రమించినవానిలో సెకండునకు 8 మొదలు 13 వఱకు నడచు ఆల్ఫా తరంగములు కానవచ్చును. కన్ను తెఱచినను, చప్పుడు వినబడినను అవి అణగిపోవును.

ఈ యణగిపోవుటను ఆధారముగా గొని, ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థలో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ అనువారు 1961లో ప్రకటించిన ప్రయోగము నేటికిని పరిశోధకులు స్మరించునది. సమాధిలో కూర్చున్న యోగుల యెదుట తీవ్రమైన వెలుగు చూపిరి, పెద్ద చప్పుడు చేసిరి, వేడి గాజుగొట్టమును ఒంటికి తాకించిరి. ఆల్ఫా తరంగములు చెదరలేదు. అదే యోగులు సమాధిలో లేనప్పుడు అవే ప్రేరణలకు అందఱివలెనే స్పందించిరి. మఱి యిద్దఱు యోగులు 4 డిగ్రీల చల్లని నీటిలో చేయి ముంచి ముప్పావుగంటకు తక్కువ కాకుండ ఉంచినను వారి తరంగములు అట్లే సాగెను.

ఇంతలో జపానునుండి భిన్నమైన వార్త వచ్చెను. కసామాత్సు, హిరాయి అను శాస్త్రజ్ఞులు జెన్ సాధకులను పరీక్షించి 1966లో ప్రకటించిన వ్యాసమున, కన్నులు తెఱచియుండగనే ఆల్ఫా తరంగములు పుట్టుట, అవి బలపడుట, వాని వేగము మందగించుట, తుదకు అంతకంటెను మందములైన థీటా తరంగములు వరుసగా వెలువడుట అను నాలుగు దశలను గుర్తించిరి. ఈ దశలు అభ్యాసకాలము పెరిగినకొలది ముందునకు సాగుటయు గమనించిరి. ఒకే చప్పుడును మాటిమాటికి వినిపింపగా, సామాన్యుని మస్తిష్కము నాలుగైదు మాఱులకే దానికి అలవాటుపడి లక్ష్యపెట్టుట మానును. జెన్ గురువుల మస్తిష్కమో, ప్రతిమాఱును అదియే తొలిసారి యన్నట్లు స్పందించి, వెంటనే తన శాంతస్థితికి మఱలెను. యోగి బాహ్యమును త్యజించి లోనికి మునుగుననియు, జెన్ సాధకుడు బాహ్యమును స్వీకరించియు దానికి కట్టుబడడనియు, ఉభయమార్గముల సిద్ధాంతములకు తగిన రెండు లక్షణములు యంత్రమునకే చిక్కినవని పలువురు సంతోషించిరి. కాని 1981లో బెకర్, షాపిరో అనువారు జెన్, యోగము, భావాతీతధ్యానము అను మూడు పద్ధతుల సాధకులను ఒకేచోట ఇట్లు పరీక్షింపగా, ఆ భేదము కానరాలేదు. కొలదిమందిని చూచి చేసిన సిద్ధాంతము మఱొక చేతిలో నిలువవలెనను నియమమును ధ్యానవిజ్ఞానమునకు నేర్పిన సంఘటన యిది.

ప్రాణవాయువు వినియోగము విషయమునను ఇట్లే జరిగెను. భావాతీతధ్యానమున కూర్చున్నవారిలో ప్రాణవాయువు వాడుక సగటున నూటికి 17 వంతులు తగ్గినదని వాలెస్, బెన్సన్ అనువారు 1972లో వ్రాయగా, ఇది మేలుకొనియున్నను దేహము గాఢముగా విశ్రమించు నూతనావస్థ యని లోకము భావించెను. కాని 1984లో డేవిడ్ హోమ్స్ అప్పటి పరిశోధనలను సమీక్షించి, ఊరక కన్నులు మూసి విశ్రమించువారిలోను దేహము అంతగానే శాంతించుచున్నదని చూపెను. విశ్రాంతి మేలైనదే, అయితే అది ధ్యానమున కొక్కదానికే చెందిన సొత్తు కాదు.

మఱి నిలిచిన దేమియు లేదా? కలదు, అది పద్మాసనమున కూర్చున్న వేళనేగాక, ధ్యానము చేయని కాలమునుగూడ పరిశీలించిన ప్రయోగములలో దొరకినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున లుట్జ్, డేవిడ్సన్ ప్రభృతులు 2004లో, 10,000 మొదలు 50,000 గంటల వఱకు సాధన చేసిన ఎనమండుగురు బౌద్ధసాధకులను, వారమురోజులు మాత్రమే నేర్చిన పదిమంది విద్యార్థులతో పోల్చిరి. దినమునకొక గంట చొప్పున కూర్చున్నవానికి పదివేల గంటలు నిండవలెనన్న ఇరువదియేడేండ్లు పట్టును. కరుణాభావనయందు ఆ సాధకుల మస్తిష్కమున సెకండునకు 25 మొదలు 42 వఱకు నడచు గామా తరంగములు ప్రబలముగా కానవచ్చుటయే గాక, ధ్యానమునకు ముందే, ఊరక కూర్చున్నపుడుసైతము, వారిలో ఆ తరంగముల పాలు ఇతరులకంటె హెచ్చుగా నుండెను. ధ్యానకాలమందలి యవస్థ క్రమముగా స్వభావమై స్థిరపడునేమో యను ఊహకు ఇది బలమిచ్చినది. అయినను, ఇట్టి మస్తిష్కము గలవారే దీర్ఘసాధనకు పూనుకొనిరా, లేక సాధనయే వారినట్లు మార్చెనా యని యీ యొక్క పరీక్షవలన తేలదు.

ఆ సందేహమును తీర్చుటకు సాధనకు ముందును వెనుకను అదే మనిషిని పరీక్షింపవలెను. 2007లో ప్రకటితమైన స్లాగ్టర్ బృందపు పరిశోధన యట్టిది. తెరపై అక్షరములు వడివడిగా మెఱసిపోవుచుండగా, వానిమధ్య వచ్చు రెండు అంకెలను గుర్తింపవలెను. మొదటి అంకె కనబడిన అరసెకండులోపల రెండవది వచ్చినచో మనలో చాలమంది దానిని చూడనే చూడరు; ఏలయన, మనస్సు మొదటిదానినే పట్టుకొని వ్రేలాడుచుండును. మూడు నెలలు ఏకాంతమున విపశ్యనాధ్యానము చేసివచ్చినవారు ఆ రెండవ అంకెను మునుపటికంటె చక్కగా గుర్తించిరి. మొదటిదానికై వారి మస్తిష్కము వెచ్చించు శ్రమయు తగ్గెను. పరీక్షవేళ వారు ధ్యానము చేయుచుండలేదు. వచ్చినదానిని చూచి, పట్టుకొనక విడుచుట యను గుణము ఆసనమును దాటి వారివెంట వచ్చినదన్నమాట.

స్వల్పాభ్యాసమునుండి అద్భుతముల నాశించుట మాత్రము తగదు. ఎనిమిది వారముల శిక్షణచే మస్తిష్కనిర్మాణమే మారునను ప్రచారము కొంతకాలము సాగెను. రెండువందలకు పైగా జనులపై జరిపి 2022లో ప్రకటించిన జాగ్రత్తతో గూడిన పరిశోధనలో అట్టి మార్పు కనబడలేదు. నిద్రలోకూడ సాక్షిచైతన్యము నిలుచుననెడి భావాతీతధ్యానసాధకుల విషయమున, గాఢనిద్రకు చెందిన మందతరంగములతోపాటు థీటా, ఆల్ఫా తరంగములును కానవచ్చినవని 1997లో నొక పరిశోధన వెలువడెను. మాండూక్యోపనిషత్తు చెప్పిన తురీయమును తలపించు విషయమగుటచే ఇది మిక్కిలి ఆకర్షణీయము; కాని పరీక్షించినవారు ఆ ధ్యానపద్ధతి సంస్థకే చెందినవారగుటచే, తటస్థులు మరల చూచి స్థిరపఱుపవలసియున్నది.

ప్రయోగశాల ఇంత శ్రమపడి చేరిన స్థలమునకు మన శాస్త్రములు తమదారిని ఎప్పుడో చేరినవి. స్థితప్రజ్ఞుడు ఎట్లు మాటలాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచును అని గీతలో అర్జునుడు ప్రశ్నింపగా, శ్రీకృష్ణుడు కాంతులను గూర్చియో, శ్వాసస్తంభనమును గూర్చియో చెప్పక, దుఃఖమున కలతచెందకుండుట, సుఖమునకై తహతహపడకుండుట, రాగభయక్రోధములు తొలగుట అను గుణములనే చెప్పెను. పతంజలియు సిద్ధులను సమాధికి విఘ్నములుగా నెంచెను.

కావున సాధకుడు వెలుగు కనబడలేదని చింతింపనక్కఱలేదు. కనబడినదని గర్వింపను వలదు. ధ్యానముచే నిద్ర చెడినను, భయము పట్టుకొనినను, దానిని ఉన్నతభూమికగా పొరబడక, గురువుతో చెప్పి, అవసరమైనచో వైద్యుని చూడవలెను. కోపము వచ్చిన తరువాత ఎంతసేపు నిలుచుచున్నది, చేయుచున్న పనిలో మనస్సు ఎంతవఱకు ఆనుచున్నది, పరుల దుఃఖమునకు హృదయము ఎంత త్వరగా కరగుచున్నది అనునవే నమ్మదగిన కొలతలు. ఈ కొలతలనైనను తన్ను గూర్చి తానే తీసికొనువాడు పక్షపాతమునకు లోనగును. ఫలమును కోరువాని సాక్ష్యమును విజ్ఞానశాస్త్రము ఒంటిగా నంగీకరింపదు. తనతో కలసి జీవించు భార్యాబిడ్డలను, తోడి యుద్యోగులను అడిగి చూచుకొనుట మేలు. వారు ఏడాదికాలమున గమనించిన మార్పు, ఏ యంత్రపు గీతకంటెను, ఏ యంతర్జ్యోతికంటెను సాధన ఫలించినదో లేదో ఎక్కువ నమ్మకముగా చెప్పగలదు.