ఇల్లు కాదు, ముందు నీళ్లు చూడండి

బందరులో ఆ పెంకుటిల్లు చూడటానికి నేను వెళ్లింది ఏప్రిల్‌లో. టేకు దూలాలు, మందపాటి గోడలు, పెరట్లో కొబ్బరిచెట్టు. రెండు వాటాలు చేసి అద్దెకిస్తే నెలనెలా చేతిలో డబ్బు పడుతుందని లెక్కేసుకున్నా. పక్కింటి మామ్మగారు అరుగు మీద కూర్చుని ఒకటే మాట అన్నారు.

"ఎండాకాలంలో ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది బాబూ. కార్తీకంలో ఓసారి వచ్చి చూడు."

నేను వినలేదు. 24 లక్షలకు కొనేశా. ఆ నవంబరులో మూడు రోజులు ముసురు పట్టేసరికి వీధి నీళ్లు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి. నీరు పల్లమెరుగు అంటారు. నాకే తెలియలేదు.

అందుకే తొలిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. మన డెల్టాలో ఇల్లు చూసేముందు నీళ్లు చూడాలి. వాననీరు ఎటు పోతుంది? బోరు నీరు తియ్యనా, ఉప్పనా? వీధి కంటే ఇంటి నేల ఎంత మెరక? గోడల మీద పాత నీటి చారలున్నాయా? రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్లు చాలావరకు పల్లంలో పడ్డాయి.

ఊరికో లెక్క

గుడివాడ వైపు వెళ్తే చిక్కు నల్లరేగడితో. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల అది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పాకాయంటే గిలాబా లోపం అనుకోకండి, పునాది కదిలి ఉండొచ్చు. కొత్తగా రంగు వేసిన గోడను మరీ అనుమానంగా చూడండి.

దివిసీమ సంగతి వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత అక్కడ ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇళ్లు చాలా కట్టించాయి. ప్రభుత్వం ఇచ్చిన స్థలమైతే జాగ్రత్త. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే చట్టం వచ్చిందీ 1977లోనే. తర్వాత సడలింపులు వచ్చాయి గానీ, మీరు చూసిన స్థలానికి అవి వర్తిస్తాయో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో 22-ఎ నిషేధిత జాబితా కూడా చూసుకోండి. "అందరూ కొంటున్నారండీ" అనే మధ్యవర్తి మాట దస్తావేజు కాదు.

ఈసీలో కనిపించని అక్క

నేను 30 ఏళ్ల ఈసీ తీయించా. శుభ్రంగా ఉంది. అమ్మేవాళ్లు అన్నదమ్ములిద్దరు. అడ్వాన్సు ఇచ్చేశాక లాయరుగారు అడిగారు, "వీళ్లకు ఆడపిల్లలెవరూ లేరా?" అని. ఒక అక్క ఉంది, హైదరాబాదులో. "కట్నమిచ్చి పంపించేశాం కదండీ, ఆవిడ సంతకం దేనికి?" అన్నారు అన్నదమ్ములు.

దేనికంటే, వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం చెప్పేది అదే. పిత్రార్జితంలో కూడా కూతురికి హక్కు కల్పిస్తూ 1986లో మన రాష్ట్రం సవరణ తెచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి మన నిమ్మకూరు ఎన్టీఆరే. 2005లో అది దేశమంతటికీ వచ్చింది.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వారసులు కనిపించరు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి, అందరి సంతకాలూ పెట్టించండి. మా రిజిస్ట్రేషను నాలుగు నెలలు ఆగింది. చివరికి ఆ అక్కగారు వచ్చి, తన వాటా తాను తీసుకుని సంతకం చేశారు. వెళ్తూ వెళ్తూ ఇల్లంతా ఓసారి తిరిగి చూసుకున్నారు. ఆవిడ సంతకం లేకుండా కొని ఉంటే కోర్టు సంగతి అలా ఉంచి, నాకే నిద్రపట్టేది కాదు.

సిమెంటు చేసిన చేటు

మరమ్మతుకు మూడు లక్షలనుకున్నా. ఆరు లక్షల ఇరవై వేలయింది. సగం తప్పు నాదే. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. లోపలి చెమ్మను అవి మెల్లగా బయటికి వదులుతాయి. మేస్త్రి మాట విని వాటిమీద సిమెంటు గిలాబా చేయించా. చెమ్మ లోపలే చిక్కుకుంది. ఒక్క వర్షాకాలానికే రంగు పెచ్చులూడి, ఉప్పు తెల్లగా పూసింది. మళ్లీ గీకించి, గోడలు బాగా ఆరనిచ్చి, సున్నంతోనే పూయించా. నేలను అడుగున్నర మెరక చేయించి, నీళ్లు పోయేందుకు కాలువ తీయించా.

ఒక్క విషయంలో బతికిపోయా. వెనక వేసిన చిన్న శ్లాబుకు బోరు నీళ్లు వాడబోతుంటే ఇంజనీరు మిత్రుడు ఆపాడు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం. మా బోరు నీరు పరీక్ష తప్పింది. ఉప్పు నీటితో పోస్తే లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బి, శ్లాబు పెచ్చులు రాలుతుంది. ట్యాంకరు నీళ్లు తెప్పించా. ఇసుక కూడా ఏటిదే వాడాలి, సముద్రపు ఒడ్డుది వద్దు.

అద్దె లెక్క

బందరులో అద్దెకు దిగేవాళ్లకు కొదవలేదు. బీఈఎల్ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. పోర్టును మాత్రం చూసుకుని కొనకండి. 2008లో, 2019లో, 2023లో పనుల ప్రారంభమని మూడుసార్లు శిలాఫలకాలు వేశారు. మొదటి ఫలకాన్ని నమ్మి అప్పుచేసి కొన్నవాళ్లు ఎన్నేళ్లు వడ్డీ కట్టి ఉంటారో ఆలోచించండి.

నా లెక్క ఇది. ధర 24 లక్షలు, రిజిస్ట్రేషను ఖర్చు నూటికి ఏడున్నర చొప్పున లక్షా 80 వేలు, మరమ్మతు 6 లక్షల 20 వేలు. మొత్తం 32 లక్షలు. రెండు వాటాలకూ నెలకు 12 వేలొస్తాయి. ఇంటిపన్ను, సున్నాలు, ఖాళీగా ఉన్న నెల తీసేస్తే ఏడాదికి మిగిలేది లక్షా 14 వేలు. అంటే నూటికి మూడున్నర. బ్యాంకులో వేసుకుంటే ఇంతకంటే ఎక్కువే వచ్చేది. కాబట్టి అప్పు చేసి, అద్దెతో వాయిదాలు కడదామనుకుంటే మునిగిపోతారు.

అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటు రాసుకోండి. మన రాష్ట్రంలో గడువు ఎంతైనా దాన్ని రిజిస్టరు చేయించాలి. అడ్వాన్సు ఎంతో, కరెంటు బిల్లు ఎవరిదో, చిన్న రిపేర్లు ఎవరివో కాగితం మీద ఉంటే మొహమాటాలుండవు.

మొన్న కార్తీకంలో మళ్లీ ముసురు పట్టింది. గొడుగేసుకుని వెళ్లి చూశా. నీళ్లు మెట్టు దగ్గరే ఆగాయి. మామ్మగారు అరుగు మీద నుంచి నవ్వారు.

"ఈసారి సరైన నెల్లో వచ్చావు బాబూ."