రేడియో పౌనఃపున్య డోలకం: ప్లాస్మా ప్రారంభ దశ

రసాయన విశ్లేషణలో వాడే ప్రేరణ ప్లాస్మా పరికరంలో రెండు ప్రారంభాలు జరగాలి. మొదట డోలకం డోలనాలు మొదలుపెట్టాలి. ఆ తరువాత ఆర్గాన్ వాయువు ప్లాస్మాగా మారాలి. రెండోది జరిగిన క్షణంలోనే మొదటిది ఆగిపోవచ్చు. ఎందుకో ఈ భాగంలో చూద్దాం.

వర్ధకం, ధనాత్మక పునర్నివేశ మార్గం కలిస్తే డోలకం అవుతుందని మీకు తెలుసు. బార్క్‌హాసెన్ నిబంధన ప్రకారం స్థిర డోలనాలకు వలయ వర్ధనం 1 ఉండాలి, మొత్తం దశా మార్పు సున్నా లేదా 360 డిగ్రీలు ఉండాలి. పరీక్షలో చాలామంది ఇంతటితో ఆపేస్తారు. అయితే వర్ధనం సరిగ్గా 1 అయితే డోలనాలు పెరగవు. స్విచ్ వేసినప్పటి కుదుపు, నిరోధాల్లోని ఉష్ణ రవం చాలా చిన్న సంకేతాలు. అవి పెరగాలంటే ఆరంభంలో వర్ధనం 1 కంటే ఎక్కువ ఉండాలి. కంపన పరిమితి పెరిగాక వాల్వు అరేఖీయత వల్ల అది తనంతట తానే 1కి దిగుతుంది.

దక్షత కోసం శక్తి డోలకాలను క్లాస్-సి పద్ధతిలో నడుపుతారు. స్థిర ఋణ బయాస్‌తో వాల్వును కటాఫ్‌కు అవతల ఉంచితే, అంత చిన్న రవానికి ఆనోడ్ ప్రవాహం రాదు. డోలకం మొదలే కాదు. అందుకే గ్రిడ్ లీక్ నిరోధం వాడతారు. ఆరంభంలో బయాస్ సున్నా కాబట్టి వాల్వు వర్ధనం చేస్తుంది. డోలనాలు పెరిగేకొద్దీ గ్రిడ్ ప్రవాహం ఈ నిరోధం గుండా పోయి ఋణ బయాస్‌ను సృష్టిస్తుంది. కాని డోలనాలు ఆగితే ఆ బయాస్ కూడా పోతుంది. ఆనోడ్ ప్రవాహం విపరీతంగా పెరిగి, ఆనోడ్ ఎర్రబడి, వాల్వు చెడిపోవచ్చు. కాథోడ్ నిరోధం ద్వారా కొంత బయాస్, ఓవర్‌లోడ్ రిలే పెట్టడం ఇందుకే.

ఇక ప్లాస్మా సంగతి. 27.12 మెగాహెర్ట్జ్ ప్రవాహం తీగచుట్టలో పారుతున్నా, లోపలి క్వార్ట్జ్ గొట్టంలోని ఆర్గాన్ సాధారణ పీడనం వద్ద తనంతట తాను వెలగదు. దాని అయనీకరణ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు. టెస్లా కాయిల్ స్పార్క్‌తో కొన్ని ఎలక్ట్రాన్లను అందిస్తే, ప్రేరిత విద్యుత్ క్షేత్రం వాటిని వలయాకారంలో త్వరణింపజేస్తుంది. అభిఘాతాలతో అయనీకరణం వెల్లువలా పెరుగుతుంది. 1961లో థామస్ రీడ్ వర్ణించిన టార్చ్‌లో స్పార్క్‌కు బదులు గ్రాఫైట్ కడ్డీని క్షేత్రంలో వేడెక్కించి, ప్లాస్మా వెలిగాక తీసేసేవారు.

వెలిగిన ప్లాస్మా, ఒకే చుట్టు ఉన్న సెకండరీ లాంటిది. దాని నిరోధం ప్రాథమిక చుట్టలోకి ప్రతిఫలించి నాణ్యతా గుణకాన్ని తగ్గిస్తుంది, దానితో వలయ వర్ధనమూ తగ్గుతుంది. లెంజ్ నియమం ప్రకారం దాని అభివాహం చుట్ట అభివాహాన్ని ఎదిరిస్తుంది కాబట్టి ప్రేరకత్వం తగ్గి, పౌనఃపున్యం పెరుగుతుంది.

నా విద్యార్థులు ఒకసారి తయారుచేసిన డోలకం ఖాళీగా చక్కగా నడిచేది. స్పార్క్ ఇవ్వగానే గొట్టం ఒక్కసారి మెరిసి ఆరిపోయేది. రెండు రోజులు గ్యాస్ సిలిండర్‌నే అనుమానించారు. చివరకు దోషం పునర్నివేశ ట్యాపింగ్‌లో దొరికింది: ఖాళీ చుట్టకు సరిపోయిన పునర్నివేశం ప్లాస్మా భారానికి చాలలేదు. ట్యాపింగ్‌ను కొంచెం జరపగానే మంట నిలిచింది. మరీ ఎక్కువ జరిపితే ఖాళీ స్థితిలో గ్రిడ్ ప్రవాహం హద్దు దాటుతుంది. జరిపే ముందు సరఫరా ఆపి, కెపాసిటర్లను ఎర్త్ రాడ్‌తో తప్పక డిశ్చార్జ్ చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నడుస్తున్న ప్లాస్మా హఠాత్తుగా ఆరిపోతే డోలక పౌనఃపున్యం, గ్రిడ్ ప్రవాహం ఏ దిశలో మారతాయి? కారణాలు రాయండి.