సెల్‌ఫోను ప్రసారశక్తి
సెల్‌ఫోను వినుటయే కాదు, రేడియో తరంగముల మూలమున మన మాటను టవరునకుఁ బంపును. ఆ పంపెడు బలము అన్ని శ్రేణులయందు నొక్కటి కాదు. రెండవ తరపు ఫోనునకు 900 మెగాహెర్ట్జుల శ్రేణిలో గరిష్ఠశక్తి 2 వాట్లు. 1800 శ్రేణిలో 1 వాట్టు. నాల్గవ తరపు ఫోనునకు సాధారణముగా వాట్టులో ఐదవవంతు మాత్రమే.

అయితే ఫోను ఎల్లప్పుడు నింత బలమును వినియోగింపదు. ప్రక్కవానితో మెల్లగాను, పొలముగట్టుపైవానితోఁ గేకవేసియు మనము మాటాడునట్లు, అదియు టవరు ఆజ్ఞ ననుసరించి శక్తిని హెచ్చించును, తగ్గించును. టవరు చేరువ నున్నచో వాట్టులో వెయ్యవవంతునకును దిగవచ్చును.

కావున టవరు దూరమైనకొలఁది చెవికడ ఫోను కేక హెచ్చును; బ్యాటరీయుఁ ద్వరగాఁ దఱుగును. ఊరికి టవరు వలదనువారు ఈ సంగతియుఁ దలఁపవలెను. సిగ్నలు క్షీణించినచోట ఫోనును చెవికి దూరముగా నుంచి, క్లుప్తముగా మాటాడుఁడు.