రేటు రాతి మీద రాసిన రేవు

వెనిస్ వర్తకుడు మార్కో పోలో పుస్తకంలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యం ఒకటి కనిపిస్తుంది. మాబారు నుంచి, అంటే ఇవాళ్టి తమిళ తీరం నుంచి, ఉత్తరంగా వెయ్యి మైళ్లు పోతే అక్కడికి చేరతామంటాడు. దూరం కాస్త ఎక్కువే చెప్పాడు గానీ ఊరు మాత్రం మనదే. చీరాల దగ్గరి మోటుపల్లి.

చీరాల నుంచి ఒంగోలు దారి పట్టి, వేటపాలెం జీడిపప్పు కొట్లు దాటాక తూర్పుకు తిరగాలి. పర్చూరు వైపు కాలికి అంటుకుంటే వదలని నల్లరేగడి, ఇక్కడికి వచ్చేసరికి ఇసుక నేలయిపోతుంది. సరుగుడు తోపులు, వేరుశనగ చేలు, ఏరియేటర్లు చిలుకుతున్న రొయ్యల చెరువులు, చినగంజాం వైపు ఎండకు కళ్లు జిగేల్మనిపించే ఉప్పు మడులు. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఏడున్నర శతాబ్దాల కిందట అరబ్బు గుర్రాలు, చీనా పట్టు దిగిన రేవు ఇదేనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. చెప్పినా నమ్మడం కష్టమే.

సాధారణంగా మోటుపల్లి ప్రస్తావన వస్తే మార్కో పోలో పేరుతో మొదలై ఆ పేరుతోనే ముగుస్తుంది. ఆయన ఏం రాశాడో ఓసారి చూద్దాం. రాజు పోయి నలభై ఏళ్లయిందనీ, అప్పటినుంచీ రాణే ఏలుతోందనీ, భర్తకు ఏమాత్రం తీసిపోకుండా న్యాయంగా పాలిస్తోందనీ మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. కానీ రుద్రమ ఓరుగల్లు ఏలిన కాకతీయ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు. నలభై ఏళ్ల లెక్క కూడా కుదరదు. గణపతిదేవుడు 1262 దాకా రాజుగా ఉన్నాడు. నల్గొండ వైపు దొరికిన చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే రుద్రమ కన్నుమూసింది. మార్కో పోలో చైనా విడిచి ఇంటిదారి పట్టిందే 1291-92 ప్రాంతంలో. అంతకుముందే చైనాను ఏలిన ఖాన్ పనిమీద ఒకసారి ఈ దేశం వచ్చి ఉంటాడనే వాళ్లూ ఉన్నారు. మోటుపల్లి ఇసుకలో కాలు పెట్టాడో, దక్షిణాది రేవుల్లో నావికులు చెప్పుకునే మాటలు చెవిన వేసుకుని పోయాడో, నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది.

వజ్రాల కథా అంతే. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసురుతారట, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయట. ఇది సింద్‌బాద్ కథల్లోనూ ఉంది, ఓడలెక్కిన ప్రతివాడి నోటా నానిన కథే. వానలు వెలిసి వరద తీశాక వాగుల్లో వజ్రాలు ఏరుకుంటారన్న ముక్క మాత్రం అక్షరాలా నిజం. తొలకరి పడగానే కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం ఇప్పటికీ చేసే పని అదే. గుంటూరు సీమలోనే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు 17వ శతాబ్దంలో వేలమందితో కిటకిటలాడాయి. ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే స్వయంగా వచ్చి చూసి రాసుకున్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది.

జైల్లో పుట్టిన పుస్తకం

ఈ ముత్ఫిలి కబురు కాగితమెక్కింది వెనిస్‌లో కాదు, వెనిస్‌కు పడని జెనోవాలో. ఇటలీకి తూర్పున ఒకటి, పడమట ఒకటి. మధ్యధరా వ్యాపారం కోసం ఆ రెండు రేవులూ తరాల తరబడి కొట్టుకున్నాయి. 1295లో ఇల్లు చేరిన మార్కో పోలో ఆ యుద్ధాల్లోనే జెనోవా వాళ్లకు చిక్కి ఖైదయ్యాడు. పీసా నగరానికి చెందిన రుస్తికెల్లో అనే కథల రచయిత కూడా అదే జైల్లో ఉన్నాడు. 1298-99లో మార్కో పోలో చెబుతుంటే రుస్తికెల్లో ఇటాలియన్ కలిసిన ఫ్రెంచిలో రాసుకుపోయాడు. ఆ మొదటి ప్రతి ఇప్పుడు లేదు. చేతిరాత నకళ్లు మాత్రం సుమారు నూట యాభై ఐరోపా అంతటా ఉన్నాయి.

జెనోవా పాత రేవుకు ఎదురుగా సాన్ జోర్జో భవనం ఉంది. 1260లో కట్టారు. మార్కో పోలోను ఖైదు చేసింది ఇందులోనేనని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. రేవు అధికారుల కార్యాలయం ఇప్పుడు అందులోనే ఉంది. కాస్త దూరంలో 1543లో కట్టిన 77 మీటర్ల దీపస్తంభం ఇప్పటికీ వెలుగుతోంది. ఇటలీ టూరుకు వెళ్లిన మనవాళ్లు వెనిస్‌లో పడవెక్కి, పీసాలో వాలిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగి వచ్చేస్తారు. జెనోవా వైపు పోయేవాళ్లు తక్కువ. ఓరుగల్లు రాణి పేరు చెప్పకపోయినా ఆమె పాలన గురించి ఐరోపాకు మొదట కబురు పెట్టిన చోటు అదే.

జెనోవాకు ప్రకృతి ఇచ్చిన వరం ఉంది. కొండలు అడ్డుగా నిలిచిన అఖాతం, ఒడ్డు దాకా లోతు నీళ్లు. మోటుపల్లికి అలాంటిదేమీ లేదు. సూటిగా పరుచుకున్న ఇసుక తీరం, అలల పొంగు, ఆశ్వయుజ కార్తికాల్లో వాయుగుండాలు. పెద్ద ఓడ దూరంగా లంగరేసుకోవాలి, పడవల్లో సరుకు ఒడ్డుకు చేరాలి. ఆ పడవ కూడా అలల్లో బోల్తా కొట్టకుండా రావాలి. ఇలాంటి చోటికి ఓడలెందుకు వచ్చాయి?

గుడి మండపంలో సుంకాల పట్టిక

జవాబు మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం మీద ఉంది. శక సంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరం, అంటే 1244-45లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు గానీ, కాస్త ఓపికగా చదవాల్సిన శాసనం ఇది.

తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తంగా పూర్వపు రాజులు బలవంతాన లాగేసుకునేవారని రాజు దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చేవాళ్లకు, దయతోనూ కీర్తి కోసమూ ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నానంటాడు. వర్తకుల ధనాశ మీద వేసిన ఆ చిన్న చురక నాకు భలే నచ్చుతుంది. అభయమిస్తూనే అంటించాడు.

ఇక సుంకం. ఎగుమతైనా దిగుమతైనా ముప్పయ్యో వంతు. మన లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పై పైసల చిల్లర. ఆ తర్వాత సరుకుల జాబితా మొదలవుతుంది. గంధం తులకు ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు ఇంత. పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, అన్నిటికీ రేటు ఉంది. చివరికి పోకచెక్కలు లక్షకు ఎంతో కూడా రాయించాడు. పణమనే నాణెంలో పావు, ముప్పావు దాకా లెక్క కట్టి చెప్పాడు. సంస్కృత శ్లోకాల్లో వంశ స్తోత్రం అన్ని శాసనాల్లోనూ ఉంటుంది. సుంకాల అధికారి రేటు పెంచి అడగడానికి వీల్లేకుండా దేవుడి ఎదుట రాతి మీద రాయించడం అన్ని చోట్లా లేదు.

మిర్చి పండించేవాడికి దీని విలువ విడమరచి చెప్పక్కర్లేదు. టిక్కీలు దింపాక క్వింటా ఎంత పలికిందన్నది ఒక ఎత్తు. కమిషనెంత, హమాలీ ఎంత, తాలు పేరుతో తీసిన తరుగెంత అన్నది ఇంకో ఎత్తు. చీటీ చేతికొచ్చేదాకా మిగిలేదెంతో తెలియదు. మోటుపల్లికి బయల్దేరిన వర్తకుడికి ఆ లెక్క హోర్ముజ్‌లో ఓడెక్కేటప్పుడే తెలిసేది.

ఇదే కాలంలో ఐరోపాలో ఏం జరుగుతోంది? మునిగిన ఓడ సరుకు తీరం ఏలేవాడికే చెందాలన్న ఆచారం అక్కడా ఉంది. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం దాన్ని కొంత సడలించింది. ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సొత్తుగా లెక్కించకూడదంది. మోటుపల్లి శాసనం అంతకు ముప్పై ఏళ్లు ముందుది. పిల్లి బతికిందా లేదా అన్న విచారణ కూడా పెట్టలేదు.

గణపతిదేవుడిది ఉట్టి దయ అనుకోవడానికీ లేదు. ఓరుగల్లు సముద్రానికి దూరం. సైన్యానికి మేలుజాతి గుర్రాలు కావాలంటే ఓడల మీదే రావాలి. తీరాన్ని ఏలిన వెలనాటి చోడుల బలం తగ్గాక చేతికందిన రేవును నిలబెట్టుకోవడం ఆయన అవసరం. రాజు అవసరమూ వర్తకుడి భయమూ ఒకే రాతి మీద ఒప్పందానికి వచ్చాయి.

కాకతీయులు పోయాక కూడా ఆ మాట పోలేదు. 1358లో కొండవీటి అనపోత రెడ్డి మోటుపల్లికి వచ్చే వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. తర్వాతి తరంలో కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన అవచి తిప్పయశెట్టి ఈ సముద్ర వ్యాపారంతోనే గడించాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే.

సాలెగూడు బట్ట, కొలంబస్ కాయ

మార్కో పోలో తడబడని చోటు ఇంకొకటుంది, అది బట్ట. ముత్ఫిలిలో నేసే సన్నని నూలుబట్ట సాలెగూడులా ఉంటుందనీ, కట్టుకోవాలని ముచ్చటపడని రాజుగానీ రాణిగానీ ఉండరనీ రాశాడు. వర్తకుడి కన్ను బట్ట దగ్గర పొరపడదు. ఈ రేవు వెనక భూములు పత్తికి పెట్టింది పేరు. చీరాల, ఈపూరుపాలెం వీధుల్లో మగ్గం చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది. ఇక్కడి తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేది. నూలును నూనె, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, అప్పుడు ఎరుపు, నలుపు రంగులు పట్టించేవారు. నూనె వాసన పోని ఆ గుడ్డను ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉండేదట. ఆ పనితనం చీరాల నుంచి పుట్టపాకకు చేరి, 2020లో అక్కడి పేరుతోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది.

గణపతిదేవుడి పట్టికలో మిరియాలున్నాయి, మిరపకాయలు లేవు. ఉండే వీల్లేదు, అప్పటికి మిరప అమెరికా దాటలేదు. మార్కో పోలో పుస్తకం అచ్చు ప్రతి ఒకటి జెనోవాలో పుట్టిన కొలంబస్ దగ్గర ఉండేది. అంచుల్లో ఆయన రాసుకున్న రాతలతో సహా అది సెవిల్లాలో ఇప్పటికీ భద్రంగా ఉంది. 1492 ప్రయాణానికి ముందే చదివాడా, తర్వాతా అన్నది పండితులు తేల్చుకోవాల్సిన తగువు. తూర్పు దేశాల మిరియాల కోసం పడమటికి పోయినవాడికి దొరికింది మిరపకాయ. అది పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు చేరింది. ఇవాళ గుంటూరు యార్డులో రాశులు పోసిన తేజ రకాన్ని చైనా కొనుక్కుపోతోంది. గణపతిదేవుడి కాలంలో చీనా కర్పూరం వచ్చిన సముద్రం మీదే ఎదురు దిక్కుగా ఘాటు పోతోంది, కాకపోతే మోటుపల్లి నుంచి కాదు.

రేవు ఎలా పోయిందన్నది పెద్ద కథేమీ కాదు. రాజ్యాలు మారాయి, వ్యాపారం ఉత్తరానికి జరిగింది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు కొట్లు పెట్టుకోవడానికి చూసుకున్నది నిజాంపట్నాన్నీ మచిలీపట్నాన్నీ. మోటుపల్లిని ఎవరూ అడగలేదు.

చూడాలనుకునేవాళ్లు చీరాలలో గానీ చినగంజాంలో గానీ రైలు దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. కార్తికం దాటాక, ఎండలు ముదరకముందే వెళ్తే మంచిది. గుడి తెరిచే వేళలు ముందే కనుక్కోండి. స్తంభం మీద అక్షరాలు మధ్యాహ్నం చదవలేం, ఏటవాలు వెలుతురు కావాలి. పొద్దున్నే వెళ్లి, చేతిలో టార్చి ఉంటే పక్కనుంచి వేసి చూడండి. తిరుగు ప్రయాణంలో వేటపాలెం సారస్వత నికేతనంలో ఓ గంట ఆగితే, 1918 నుంచి పోగేసిన పుస్తకాల బీరువాలు చూడొచ్చు. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. జీడిపప్పు కొనేముందు మాత్రం రెండు మూడు కొట్లలో రేటు అడగండి, అక్కడ శాసనమేమీ లేదు.